హాల్టులో పంతొమ్మిది జతలు

పుట 1, సోమవారం

రోజుకో పుట రాయకపోతే అద్దె బండి కదలదని రవాణా సభ కొత్త రూలు పెట్టింది. అంచేత రాస్తున్నాను. పేరు సూరపరాజు. రేవుపాలెం హాల్టు, నాలుగో నంబరు బండి. చదువు అయిదు పూర్తిగా, ఆరు కొంచెం. ఆరులో ఉండగా హెడ్మాస్టారి గొడుగులో పిడకల బూడిద పోశాను. ఆయన వాన పడ్డ రోజున విప్పారు. అక్కడితో చదువు అయిపోయింది.

తెల్లవారి పాకలోంచి బండి తీసి అద్దాల మీది ఉప్పు తుడిచాను. సముద్రం మా వైపు జరిగిన దగ్గర్నుంచి ఇదొక పని. ఇద్దరు టీచరమ్మల్ని ఇంటి నుంచి ట్రాము దగ్గరికి, ఒక ముసలాయన్ని ట్రాము నుంచి ఇంటికి చేర్చాను. మా పని అంతే. పెద్ద రోడ్డు ట్రాముది, బస్సుది. మేము సందులకీ హాల్టుకీ మధ్య తిరిగే వాళ్ళం. హాల్టు నుంచి నాలుగు కిలోమీటర్లు సభ పెట్టిన హద్దు, అది దాటితే బండే ఆగిపోతుంది. ఆగేముందు "క్షమించండి" అంటుంది. ఇన్నేళ్ళలో నన్ను అంత మర్యాదగా ఆపినవాళ్ళు ఇంకొకరు లేరు.

బండ్లు హాల్టు ముందు బారులు తీరకూడదు. ఆ చోటు మనుషులదని చట్టం. అందుకని బండ్లు వెనక చార్జింగు పాకలో ఉంటాయి, మేము టీ బల్ల దగ్గర ఉంటాం. హాల్టు కప్పు కింద వంతుల సీరియల్లో నిలబడేవి మా చెప్పులు. ఆరు బండ్లకి ఆరు జతలు. ముందు ఎవరి జత ఉంటే బేరం వాళ్ళది. కిరాయికి వెళ్ళేవాడు తన జత తొడుక్కుని వెళ్ళి, తిరిగొచ్చి బారు చివర విడుస్తాడు. సభ ఇచ్చిన యంత్రం వంతులు చెబుతుంది గానీ దాని మాట మేము వినం. చెప్పుల దగ్గర ఇంతవరకూ తగాదా రాలేదు.

ఈ రోజు ఆ బారులో ఏడో జత పెట్టాను. చెప్పులు కుట్టే గంగాధరం కొట్లో ఎవరో వదిలేసిన నల్లబూట్లు. బాగా పాలిష్ పట్టించాను.

మా స్టాండుకి పెద్ద, అబ్బులు బాబాయ్, వాటిని చూసి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎవడ్రా ఈడు? ఏడో బండి ఎవడికిచ్చారు?"

"బండి కాదంట బాబాయ్. సభ మనిషి. మనం సీరియల్ తిన్నగా ఆడతన్నామో లేదో సూడ్డానికొచ్చాడంట."

"మరి మనిషేడీ?"

"ఇక్కడే ఎక్కడో ఉంటాడు. కనబడితే నిఘా ఎలా అవుద్ది?"

బాబాయ్ సాయంత్రం దాకా ఆ బూట్ల వైపు కాళ్ళు చాపలేదు. మధ్యాహ్నం ఎండ పడుతోందని వాటిని నీడలోకి జరిపాడు కూడా.

పుట 6, శనివారం

బాబాయ్‌కి సంగతి మంగళవారమే తెలిసిపోయింది. "నీ అసాధ్యం కూలా!" అని నా వెనక రెండు వీధులు పరిగెత్తాడు. ఆ కసితో మర్నాడు వాళ్ళ మావగారి కిర్రు చెప్పులు తెచ్చి నా జత ముందు పెట్టి, "ఈయన తర్వాతే నువ్వు" అన్నాడు. దాంతో అందరికీ ఊపొచ్చింది. ఆడవాళ్ళ ఎత్తుమడమల జత, వానాకాలం గమ్ బూట్లు, ఒంటి పట్టీ తెగిన హవాయి జత, ఇలా ఎవరింట్లో పడున్నవి వాళ్ళు తెచ్చి చేర్చారు. ఇవాళ్టికి పంతొమ్మిది. ఏవి సీరియలో ఏవి వేళాకోళమో మాకు తెలుసు, అది చాలు.

ఏడింటికి గోగులంక నుంచి తొమ్మిదో నంబరు బస్సు వచ్చింది. కాసులమ్మ పిన్ని దిగింది. మంగళ, గురు, శని వారాల్లో ఆవిడకి ఆసుపత్రిలో డయాలసిస్. హాల్టు నుంచి ఆసుపత్రికి మూడు కిలోమీటర్లు. ఆ బేరం ఎవరి వంతు అయినా నాకే వదిలేస్తారు. నాతో తిట్లు పంచుకోకపోతే ఆవిడకి బీపీ తగ్గదట.

కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, సంచిలోంచి చెప్పులు తీసి తొడుక్కుంటూ మా బారు చూసింది.

"ఏంట్రా ఇది? లోపలేవన్నా పెళ్ళవుతుందా?"

"నీకే సంబంధం సూత్తన్నాం పిన్నీ. అందరూ వచ్చారు. ఆ కిర్రు చెప్పులాయన నచ్చాడా?"

"ఆడి చెప్పులు సూడు, ఎలా అరిగిపోయాయో. కాళ్ళీడ్చే రకం. నాకొద్దు." బండెక్కుతూ, "ఆ గమ్ బూట్లవోణ్ణి అడుగు. లంకలోకి పనికొత్తాడు," అంది.

పుట 22, సోమవారం

సభ నుంచి ఉత్తరం వచ్చింది. కళ్ళజోడు మర్చిపోయానని బాబాయ్ నన్ను చదవమన్నాడు.

"రేవుపాలెం హాల్టులో ఇరవై ఒక్క రోజుల పరిశీలనలో, తెల్లవారుజాము నుంచి పంతొమ్మిది మంది ప్రయాణికులు గంటల తరబడి వేచి ఉంటున్నట్టు గమనించడమైనది. వారి అసౌకర్యానికి సభ చింతిస్తున్నది. గోగులంకలో నిరీక్షకులు ఏడుగురు మాత్రమే ఉన్నందున, తొమ్మిదో నంబరు బస్సును నేటి నుంచి రేవుపాలెం హాల్టుకు కేటాయించడమైనది."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరం ఒకేసారి బారు వైపు తిరిగి చూశాం.

హాల్టు స్తంభానికి సభ వాళ్ళ కన్ను ఒకటుంటుంది. ఎక్కడ ఎంతమంది నిలబడ్డారో చూసి, బస్సులు ఎటు తిప్పాలో అదే తేలుస్తుంది. మా మొహాలు తీయకూడదని అప్పట్లో జనం ఊరేగింపులు చేసి గెలిచారు. అందుకే దాని చూపు మోకాలి కిందే. పాదాలు లెక్కపెడుతుందని విన్నాం. చెప్పులు లెక్కపెడుతుందని ఎవరు అనుకుంటారు?

ఎనిమిదింటికి బస్సు వచ్చింది. చెప్పుల బారు ముందు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.

"దయచేసి ఎక్కండి," అంది బస్సు.

ఎవరూ ఎక్కలేదు.

"తొందర లేదు. వృద్ధులను ముందు ఎక్కనివ్వండి."

బాబాయ్ వాళ్ళ మావగారి కిర్రు చెప్పులకి చేతులు జోడించి, "ఎక్కండి మావయ్యగారూ" అన్నాడు. నేను టీ బల్ల మీంచి కింద పడ్డాను. నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేశాయి. పది నిమిషాలు బతిమాలి బస్సు ఖాళీగా వెళ్ళింది. మళ్ళీ తొమ్మిదికి వచ్చింది. మళ్ళీ పదికి వచ్చింది.

పదకొండో గంట ట్రిప్పుకి నాకు నవ్వు రాలేదు. రేపు మంగళవారం.

పుట 23, మంగళవారం

ఏడయింది. ఎనిమిదయింది. బస్సు వచ్చింది గానీ గోగులంక నుంచి కాదు. నా వంతు వచ్చినా కిరాయి ఎక్కించుకోకుండా బాబాయ్‌కి వదిలేశాను. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు వెళ్ళాలో తెలియలేదు. అద్దాలు రెండుసార్లు తుడిచాను. ఉప్పేమీ లేదు.

తొమ్మిదిన్నరకి ఒక్కణ్ణే ఆసుపత్రికి వెళ్ళాను. పిన్ని మంచం ఖాళీ. "రాకపోతే కబురు పెట్టాలి కదండీ," అంది నర్సు నన్ను.

గోగులంక తొమ్మిది కిలోమీటర్లు. పాయలో ఇసుక మేటలు వేసి పడవలు మానేసి పదేళ్ళయింది. హద్దు దాటడానికి అనుమతి కోసం యంత్రాన్ని అడిగితే, తొమ్మిది పనిదినాల్లో జవాబిస్తానంది. అంబులెన్సుకి ఫోను చేశాను. రోగికి స్పృహ ఉందా అని అడిగారు. ఉందన్నాను. అయితే మీరు బస్సులో తీసుకురండి అన్నారు. ప్రాణం పోయేటప్పుడు అంబులెన్సు, నిలబెట్టుకోవాలంటే బస్సు. రూలు మంచిదే. బస్సుని నేను ఎత్తుకొచ్చేశాను.

పుట 24, బుధవారం

పొద్దున్నే కాలవ లాకుల దాకా వెళ్ళాను. "క్షమించండి" అని బండి ఆగింది. దిగి గట్టు మీద అయిదు కిలోమీటర్లు నడిచాను.

పిన్ని అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాళ్ళు వాచి నున్నగా మెరుస్తున్నాయి.

"నడిసొచ్చావేంట్రా? నీ బండికి కాళ్ళు నొప్పులా?"

"బస్సు ఎందుకాపేశారో సెప్పారా పిన్నీ?"

"మేం ఏడుగురవేనంట. ముప్పై మందిమి రోజూ ఎక్కుతుంటే ఏడుగురని ఎవడు లెక్కేశాడో, ఆడి కళ్ళల్లో కారం పొయ్యా!"

ఆవిడ మాట్లాడుతుంటే నేను వీధిలోకి చూస్తున్నాను. అవతల రేవు నుంచి జనం వస్తున్నారు. పిక్కల దాకా ఒండ్రు. చెప్పులు చేతుల్లో, సంచుల్లో, ఒకావిడ నెత్తి మీది బుట్టలో ఉన్నాయి. ఆ బురదలో తొడుక్కుంటే చెప్పు అక్కడే ఉండిపోతుంది, కాలొక్కటే వస్తుంది. అందుకని లంకవాళ్ళు చెప్పులు పట్టుకుని బస్సెక్కి, మా కుళాయి దగ్గర కడుక్కుని తొడుక్కుంటారు. నేను రోజూ చూసేదే.

"పిన్నీ, మీ ఊళ్ళో హాల్టుకి చెప్పులేసుకుని వచ్చేదెవరు?"

"గట్టు మీద ఇళ్ళోళ్ళు. పోస్టాయన, మేస్టర్లు… ఓ ఆరేడుగురుంటారు. ఎందుకూ?"

వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. మా దగ్గర కాళ్ళు లేని చెప్పులు పంతొమ్మిది. ఇక్కడ చెప్పులు లేని కాళ్ళు ముప్పై జతలు. కన్ను వాటినే చూసింది, వీళ్ళని చూడలేదు.

"ఏదో ఒకటి వాగరా. నువ్వు నోరు మూసుకుంటే నాకు బెదురుగా ఉంది," అంది పిన్ని.

రేపు లాకుల దగ్గర బండితో ఉంటానని చెప్పి లేచాను.

పుట 25, గురువారం

నలుగురు మనుషులు పిన్నిని నులక మంచం మీద గట్టెంట లాకుల దాకా మోసుకొచ్చారు. మూడు చోట్ల దింపి, భుజాలు మార్చుకున్నారట. లాకుల నుంచి నేను ఎక్కించుకున్నాను. దారిలో ఆవిడ నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. ఆసుపత్రిలో నర్సు ఆవిడ పిక్క మీద వేలు పెట్టి నొక్కింది. గుంట అలాగే ఉండిపోయింది.

"ఇంకొక్కటి తప్పితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వచ్చేస్తాయి. శనివారం టైముకి తీసుకురండి. మంచాల మీద మాత్రం వద్దు."

పిన్నిని లాకుల దగ్గర మళ్ళీ ఆ మంచం వాళ్ళకి అప్పజెప్పి, స్టాండుకి వచ్చి చెప్పులన్నీ ఎత్తి గోనెలో పడేశాను. బాబాయ్ పక్కకి లాగాడు.

"ఊరికే ఖంగారు పడకు. చెప్పులు తీసేశాం కదా? ఇరవై ఒక్క రోజుల్లో ఇక్కడ సున్నా అవుద్ది. బస్సు దానంతటదే లంకకి పోద్ది."

"పోదు బాబాయ్. బస్సు లేని హాల్టులో ఎవడు నిలబడతాడు? అక్కడా సున్నాయే."

"అయితే ఈ గోనె అట్టుకెళ్ళి ఆళ్ళ హాల్టులోనే పెట్టేద్దాం."

ఈ ఆలోచన నాకూ వచ్చింది. రాకుండా ఉంటుందా? "దానికీ ఇరవై ఒక్క రోజులు. పిన్నికి ఎల్లుండి. సభకెళ్ళి చెప్పేత్తాను."

బాబాయ్ నా చొక్కా పట్టుకున్నాడు. "దొంగ లెక్కకి శిక్షేంటో తెలుసా? బండి లాగేసుకుంటారు. మళ్ళీ జన్మలో పర్మిట్టివ్వరు. అయిదో తరగతోడికి నలభై తొమ్మిదో ఏట ఇంకేం పనిత్తార్రా? పైగా అవన్నీ నువ్వొక్కడివే పెట్టావేంటి? మన ఆరుగురి మెడకీ చుట్టుకుంటది."

"నీ పేరు సెప్పన్లే."

"నేను నా గురించి అనట్లేదెహె!" అన్నాడు. చొక్కా వదిలి, "నా గురించి కూడా అంటన్నాన్లే," అన్నాడు.

పుట 26, శుక్రవారం

సభ ఆఫీసులో లెక్కల అధికారి తబిత మేడమ్. ముప్పై అయిదేళ్ళుంటాయి. సూటిగా చూస్తుంది, కన్ను లెక్కలు చూపే పలక చేతిలోంచి వదలదు. గోగులంక లెక్క తప్పని చెప్పాను.

"మా కన్ను పాదాలను చూస్తుందండి. రెండు పాదాలుంటే ఒక మనిషి. తప్పడానికి ఏముంది?"

"ఏముందో నోటితో సెప్తే మీరు నవ్వుతారండి. ఓసారి లంకకి రండి, అక్కడే సూపిత్తాను. రాకపోతే మీ గుమ్మం ముందే కూకుంటానండి. నా పాదాలు రోజంతా లెక్కెట్టుకోవచ్చు."

నవ్వలేదు గానీ లేచింది. ఆఫీసు బండికి హద్దు లేదు. లాకులు దాటుతుంటే అది ఆగుతుందేమోనని చెవులు రిక్కించాను.

గోగులంక హాల్టులో దిగాం. నేను ముందే కబురు పెట్టడంతో, బస్సు మళ్ళీ వేస్తారేమోనన్న ఆశతో జనం వచ్చేశారు. చేపల బుట్టలవాళ్ళు, కొబ్బరి దింపేవాళ్ళు, కాలేజీ పిల్లలు. అందరి పిక్కలకీ ఒండ్రు. కప్పు కింద కిక్కిరిసి నిలబడ్డారు.

"పలక సూడండి మేడమ్. ఎంతమందిమి ఉన్నాం?"

ఆవిడ చూసింది. పలకని చేత్తో తట్టి మళ్ళీ చూసింది. "రెండు."

"మీరూ నేనూనండి. మీ బూట్లు, నా చెప్పులు."

వెనక నుంచి ఒక చేపలావిడ, "మేం లేవా? అయితే ఈ కంపెక్కణ్ణుంచి వత్తందంటా!" అంది. జనం నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"ఏమీ అనుకోపోతే ఓసారి ఆ బూట్లు ఇప్పి సేత్తో పట్టుకోండి."

వంగి విప్పింది. మేజోళ్ళు కూడా తీసింది. చల్లటి సిమెంటు మీద పాదాలు పెట్టి, బూట్లు చేతిలో పట్టుకుని, పలక చూసుకుంది. చాలాసేపు చూసింది.

"ఇప్పుడు మీరు కూడా లేరండి," అన్నాను.

ఆవిడ పలక దించి చుట్టూ ఉన్న పాదాలు చూసింది. తర్వాత మెల్లగా అంది. "కన్ను పెట్టేముందు పరీక్ష మా ఆఫీసు వరండాలోనే చేశాం. అక్కడ అందరికీ బూట్లుంటాయి. అంటే, బస్సు ఖాళీగా తిరుగుతున్న రేవుపాలెంలో ఆ పంతొమ్మిదీ ఉత్త చెప్పులేనన్నమాట."

"మరి బస్సు?"

"కన్ను మార్చడానికి నెలలు పడుతుంది. సభ కూర్చోవాలి. ఈ రోజే బస్సు తిప్పాలంటే నా చేతిలో ఉన్న దారి ఒక్కటే. రేవుపాలెంలో దొంగ లెక్క జరిగిందని ఫిర్యాదు రాసుకుంటే అక్కడి కేటాయింపు వెంటనే రద్దవుతుంది. బస్సు రేపు తెల్లారి ఇక్కడుంటుంది. చేసినవాళ్ళ పేరు లేకపోతే మాత్రం దర్యాప్తు. అంతవరకు ఆ హాల్టు బండ్లు ఆరూ ఆగుతాయి, బస్సూ అక్కడే ఆగుతుంది." బూట్లు ఇంకా చేతిలోనే ఉన్నాయి. "ఆ పంతొమ్మిది జతలు ఎవరు పెట్టారో మీకు తెలుసా?"

చప్పరించి పారేసే జవాబులు నాకు ఎప్పుడూ పదుంటాయి. కాకులు తెచ్చి పెట్టాయి అనొచ్చు. సముద్రం తెచ్చి పడేసింది అనొచ్చు. జనం నా మొహం వైపు చూస్తున్నారు. వెనక ఎవరో, అప్పుడే హాల్టుకి చేరిన పిన్నికి కుర్చీ తెచ్చి వేశారు. ఆవిడ ఆయాసపడుతూ దాంట్లో కూర్చోవడం వినబడింది.

"పెచ్చెట్టి సూరపరాజు," అన్నాను. "నాలుగో నంబరు బండి."

"అది మీరే కదా?"

"ఆయ్. నేనేనండి. పంతొమ్మిదీ నేనే పెట్టాను."

ఆవిడ రాసుకుంది. ఇంటిపేరు ఎలా రాయాలో అడిగి, మళ్ళీ సరిచూసుకుంది.

పుట 27, శనివారం

తెల్లవారుజామున సభవాళ్ళు వచ్చి బండి తీసుకెళ్ళారు. నా పర్మిట్టు బిళ్ళ వాళ్ళ కత్తెరతో రెండు ముక్కలు చేశారు. ఈ పుస్తకం సాయంత్రం నాలుగు లోపు అప్పగించాలట. వాళ్ళు పుటలు లెక్కపెడతారంతే, చదవరు. పాకలో నాలుగో చోటు ఖాళీగా ఉంది. అలవాటుగా గుడ్డ తడిపి పట్టుకున్నాను. తుడవడానికి ఏమీ లేదు.

ఏడుకి మూడు నిమిషాలుండగా తొమ్మిదో నంబరు వచ్చింది. కిటకిటలాడుతోంది. ఇద్దరు మనుషులు పిన్నిని చెరో రెక్కా పట్టుకుని దింపారు. నిన్న ఆ హాల్టులో నా మాట ఆవిడ విన్నదో లేదో నాకు తెలియదు.

"బండేదిరా?"

"ఆమ్లెట్టేసుకు తినేశాను."

ఎగాదిగా చూసింది. విన్నదని అర్థమైంది. అబ్బులు బాబాయ్ బండెక్కి, రెండో వైపు జరిగి కూర్చుని, పక్కన చోటు మీద చెయ్యేసి కొట్టింది. "ఎక్కు."

ఇరవై మూడేళ్ళలో వెనక సీట్లో కూర్చోవడం మొదటిసారి. దారి పొడుగునా బాబాయ్ వేగం పెంచలేదు. మలుపులు నిదానంగా తిప్పాడు. ఆసుపత్రి దగ్గర దిగుతుంటే, నా వైపు చూడకుండా, "సాయంత్రం మా ఇంటికి అన్నానికి రా," అన్నాడు. "నీ మొహానికి పులుసే," అన్నాడు.

ఎప్పుడూ గుమ్మం దగ్గర దింపి తిరిగెళ్ళిపోయేవాణ్ణి. ఆలస్యమైతే సీరియల్ పోతుంది. ఆవిడ ఆ నాలుగు గంటలూ లోపల ఏంచేసేదో ఏనాడూ అడగలేదు. ఇవాళ లోపలికి వెళ్ళాను. పొడుగాటి గది, ఎనిమిది మంచాలు. నర్సు సూదులు గుచ్చి గొట్టాలు తగిలించింది. యంత్రం తిరగడం మొదలైంది. ఎర్రగా ఒక గొట్టంలో బయటికి పోతోంది, ఎర్రగానే ఇంకో గొట్టంలో లోపలికి వస్తోంది.

"అలా గుమ్మంలో నిలబడ్డావేంట్రా? ఎక్కడికన్నా ఎల్లాలా?"

ఆలోచించాను. "లేదు."

"అయితే ఆ స్టూలు లాక్కుని కూకో. నాలుగ్గంటలు నాకేం తోచదు. పైకప్పుకి ఫ్యాన్లెన్నో లెక్కెట్టి లెక్కెట్టి విసుగెత్తిపోయింది."

కాలు ఊపుకుంటూ నిలబడ్డాను. కిటికీలోంచి బాబాయ్ బండి వీధి చివర మలుపు తిరగడం కనబడింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాను.